మునిగిన ఓడల మీద గాలం: ఏ రేవు, ఏ పడవ, ఎంత దూరం?

ఇంగ్లండ్‌లో గడియారాలు గంట ముందుకు జరిపే వారం వచ్చిందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు మొదలుపెడతారు. "అన్నా, ఈ సమ్మర్‌లో సముద్రం మీదకి వేటకి పోదామా?" నిమిషంలో పన్నెండు మంది సై అంటారు. అడ్వాన్సు కట్టండి అనగానే ఏడుగురు మిగులుతారు. ఆ ఏడుగురిలో ఒకడికి మనిషంత చేప కావాలి, ఒకడికి ఫోటో కావాలి, ఇంకొకడికి ఆదివారం పులుసులోకి నాలుగు ముక్కలు దొరికితే చాలు. మరొకడు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు దిగేలోపే రెండుసార్లు వాంతి చేసుకున్న మనిషి. వీళ్ళందరికీ కలిపి ఒకే పడవ మాట్లాడాలి.

నేను లండన్‌కి పడమట ఉన్న రీడింగ్ అనే ఊళ్ళో ఉంటాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్నేహితులతో ఇంగ్లండ్ దక్షిణ తీరానికి వెళ్ళి, పడవ మాట్లాడుకుని, సముద్రంలో మునిగిపోయిన ఓడల మీద గాలం వేసి వస్తుంటాం. ఏ రేవు మంచిది, ఎంత దూరం పోవాలి, పడవ మొత్తం తీసుకోవాలా, సీట్లు కొనుక్కోవాలా అని కొత్తవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నా లెక్క ముందే చెప్పేస్తాను. చేపను చూసి ట్రిప్పు ఎంచుకోకండి. మీ గుంపులో అందరికంటే ముందు కడుపు తిప్పే మనిషి ఎవరో చూసి, అతనికి సరిపడే ట్రిప్పు ఎంచుకోండి.

మొదటిసారి నేను దీనికి సరిగ్గా ఉల్టా చేశాను. పెద్ద చేపల ఫోటోలు చూసి, ఎనిమిది మందికి పన్నెండు గంటల ట్రిప్పు బుక్ చేశాను. ముందురోజు రాత్రి అద్దె ఇంట్లో బిర్యానీ, రెండింటి దాకా పేకాట. పొద్దున్న ఆరింటికి పడవ ఎక్కాం. ఎనిమిదింటికల్లా నలుగురు పడుకునిపోయారు. స్కిప్పర్, అంటే పడవ నడిపే అతను, మంచివాడు. "వెనక్కి తిప్పమంటే తిప్పుతాను" అన్నాడు. కట్టిన డబ్బు గుర్తొచ్చి ఎవరూ తిప్పమనలేదు. మిగిలిన నలుగురికీ ఆ రోజు చేపలు బ్రహ్మాండంగా పడ్డాయి. పడుకున్నవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఆ గ్రూపులో మెసేజ్ చదువుతారు గానీ జవాబివ్వరు.

అసలు ఓడల మీదే ఎందుకు

మన కోస్తాలో వల వేసేవాళ్ళకి సముద్రం అడుగున ఓడ ఉందంటే అది వల చిరిగే చోటు. తప్పుకుని పోతారు. ఇక్కడ కూడా వలలు ఈడ్చే ట్రాలర్ పడవలు అలాగే తప్పుకుంటాయి. గాలం వేసేవాళ్ళు మాత్రం అదే చోటుని వెతుక్కుంటూ పోతారు. వలలు రావు కాబట్టి చేపకు అక్కడ కాస్త నెమ్మది. పైగా ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న ఇంగ్లీష్ ఛానల్ అడుగు చాలా మేర ఇసుకా, గులకరాళ్ళూ పరిచిన మైదానం. దాని మధ్యలో ఒక ఇనుప ఓడ పడి ఉంటే నీటి ప్రవాహం దానికి కొట్టుకుని పైకి లేస్తుంది, వెనక నీడలాంటి చోటు ఏర్పడుతుంది. చిన్న చేపలు అక్కడ చేరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. పడవల వాళ్ళు ఆ ఓడను 'రెక్' అంటారు. నేనూ అదే మాట వాడతాను.

ఛానల్ నిండా రెక్‌లే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు ముంచిన సరుకు ఓడలు వాటిలో చాలా ఉన్నాయి. ఆ ఓడల ఇంజన్ గదుల్లో బొగ్గు వేసింది చాలాచోట్ల మన దేశపు నావికులే. లస్కర్లు అనేవారు వాళ్ళని. ఇంగ్లండ్ దక్షిణ తీరం ముందున్న వైట్ దీవికి దక్షిణాన పడి ఉన్న 'మెండి' అనే ఓడ 1917 ఫిబ్రవరిలో మరో ఓడ గుద్దుకుని మునిగితే, ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది దక్షిణాఫ్రికా నల్లజాతి కూలీ దళం వాళ్ళు. కాబట్టి పడవ ఎక్కి కేకలు పెట్టే ముందు, కింద ఉన్నది ఏ ఓడ అని స్కిప్పర్‌ని ఒకసారి అడగండి. చాలామంది స్కిప్పర్లకు కథ తెలిసే ఉంటుంది, అడిగితే సంతోషంగా చెబుతారు. విశాఖ వాళ్ళకి మునిగిన ఓడ అనగానే 1971 నాటి ఘాజీ గుర్తొస్తుంది. ఇక్కడ ప్రతి రేవుకీ అలాంటివి పదులకొద్దీ ఉన్నాయి.

దగ్గరి రెక్‌లా, నడి ఛానల్ రెక్‌లా?

మిగతా నిర్ణయాలన్నీ దీని వెనకే వస్తాయి. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నడి ఛానల్ రెక్ అంటే తీరం నుంచి ముప్పై మైళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లోతు 60 నుంచి 80 మీటర్లు. అక్కడి పొల్లాక్ అనే చేపలు పెద్దవి, లింగ్ చేపలు మనిషి కాలంత పొడవు. కానీ వేగంగా పోయే పడవ గంటకు 18 నాటికల్ మైళ్ళు వెళ్ళినా ముప్పై మైళ్ళకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. గంటకు తొమ్మిది మైళ్ళు నడిచే పాత పడవైతే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆ పాత పడవలో రానూపోనూ లెక్కేస్తే, పది గంటల ట్రిప్పులో గాలం నీళ్ళలో ఉండేది మూడు గంటలు. ఆ సంగతి బుకింగ్ పేజీలో రాయరు, మనమే గుణించుకోవాలి.

ఇంకో సంగతి కూడా ఎవరూ చెప్పరు. 70 మీటర్ల లోతు నుంచి సీసపు గుండును పైకి చుట్టాలంటే రీల్ పిడి సుమారు వందసార్లు తిప్పాలి. పడవ రెక్ మీదుగా కొట్టుకుపోతూ దాటేది కొద్ది నిమిషాల్లోనే. దాటగానే అందరూ పైకి చుట్టాలి, పడవ మళ్ళీ ఎదురు వెళ్ళాలి, మళ్ళీ కిందికి వదలాలి. కీబోర్డు మీద తప్ప చెయ్యి ఆడించని మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌కి ఆరో విడతకే మోచెయ్యి వాచిపోయింది.

దగ్గరి రెక్ అంటే ఐదు నుంచి పదిహేను మైళ్ళు, లోతు 20 నుంచి 40 మీటర్లు. ఎనిమిది గంటల ట్రిప్పులో సగానికి పైగా వేటే. చేపలు సైజులో చిన్నవి, రకాలు ఎక్కువ. పొల్లాక్, పౌటింగ్, బ్రీమ్, అదృష్టం ఉంటే బాస్. గాలి పెరిగితే పడవ అరగంటలో కొండ చాటుకు వచ్చేస్తుంది. కడుపు తిప్పినవాణ్ణి అవసరమైతే ఒడ్డున దింపవచ్చు కూడా.

ఈ రెండూ కాక నాలుగు గంటల ట్రిప్పులు ఉన్నాయి. తీరం కనబడుతూనే ఉంటుంది, ఈకల గాలం వేసి మాకెరల్ పడతారు. మాకెరల్ అంటే మన కానాగంతలకు దగ్గర చుట్టం. దీన్ని చిన్నచూపు చూడకండి. గుంపులో సగం మంది సముద్రం ఎప్పుడూ ఎక్కనివాళ్ళైతే మొదటి ఏడాది ఇదే చేయండి. ఎవరు నిలబడతారో, ఎవరు పడుకుంటారో చవగ్గా తెలిసిపోతుంది.

నన్ను అడిగితే కొత్త గుంపుకి దగ్గరి రెక్‌లే. ఐదారుగురైనా రెండు మూడుసార్లు పడవ ఎక్కి తట్టుకున్నారని తేలాకే నడి ఛానల్. ఆ మాట వినేవాళ్ళు తక్కువ, నాకు తెలుసు. ఫోటోలు అలాంటివి.

ఏ రేవు?

లండన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి దగ్గర బ్రైటన్. రైల్లో గంట. పడవలు మెరీనా నుంచి బయలుదేరతాయి, ఒడ్డున తినడానికి, ఇంట్లోవాళ్ళు తిరగడానికి బోలెడంత ఉంది. ససెక్స్ తీరం ముందు రెక్‌లకు కొదవ లేదు. దారిలో 116 గాలిమరలున్న రాంపియన్ విండ్‌ఫామ్ పక్క నుంచి పోతుంటే పిల్లల్లా ఫోన్లు తీస్తారు అందరూ. లోటు ఏమిటంటే ఇక్కడ నైరుతి గాలి లేస్తే దాక్కోవడానికి పెద్ద కొండచాటు లేదు. ట్రిప్పు రద్దయ్యే అవకాశం ఎక్కువనుకునే బుక్ చేయండి.

ప్లిమత్ అసలైన వేటగాళ్ళ రేవు. నడి ఛానల్ పొల్లాక్‌లకు, కాంగర్ అనే పాములాంటి చేపలకు పాతకాలం నుంచీ పేరు. గాలి వల్ల దూరం పోలేకపోతే ఎడ్డీస్టోన్ రాళ్ళ దగ్గర ఆగవచ్చు. 1882 నాటి లైట్‌హౌస్, పక్కనే అంతకు ముందు కట్టిన దాని మొండెం. దాని పై భాగాన్ని విప్పి తెచ్చి ప్లిమత్ ఒడ్డున నిలబెట్టారు. విట్‌శాండ్ బేలో 1945లో టార్పెడో తగిలి మునిగిన లిబర్టీ షిప్ (యుద్ధకాలపు సరుకు ఓడ) ఒకటి, దానికి దగ్గర్లో 2004లో కావాలనే ముంచిన 'సిల్లా' అనే యుద్ధనౌక ఒకటి ఉన్నాయి, అవి డైవింగ్ చేసేవాళ్ళకి ప్రాణం. అంతా బాగానే ఉంది గానీ మాకు కారులో మూడున్నర గంటలు. ముందురోజు వెళ్ళి పడుకోవాలి, మళ్ళీ ఆదివారం రాత్రి అలసిపోయి డ్రైవ్ చేయాలి. వేట మీద నిజంగా పిచ్చి ఉన్న నలుగురైదుగురికి ప్లిమత్. సరదా గుంపుకి అంత దూరం దండగ.

విట్బీ సంగతి లీడ్స్, మిడిల్స్‌బరో, న్యూకాజిల్ వైపు ఉన్నవాళ్ళకి. నార్త్ సీ రెక్‌ల మీద లింగ్, కాడ్ పడతాయి. ఎండాకాలంలో కూడా చలి. ఆ వైపు ఉన్నవాళ్ళు దక్షిణానికి రావాల్సిన పని లేదు.

నా ఓటు మాత్రం వేమత్‌కి. మాకు కారులో రెండున్నర గంటలు, లండన్ వాటర్‌లూ నుంచి నేరుగా రైలు ఉంది. రేవు ఊరి నడిమధ్య, కారు దిగి నాలుగు అడుగులు వేస్తే పడవ. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక్కడి స్కిప్పర్ చేతిలో ఆటలు ఎక్కువ. రెక్‌లున్నాయి, షాంబుల్స్ అనే ఇసుక దిబ్బ మీద ప్లేస్, టర్బట్ లాంటి బల్లపరుపు చేపలున్నాయి, రాళ్ళున్నాయి. పోర్ట్‌లాండ్ అనే పెద్ద రాతి ముక్క సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది కాబట్టి గాలి ఒకవైపు కొడితే రెండోవైపు చాటు దొరుకుతుంది. అయితే దాని కొస దగ్గర పోర్ట్‌లాండ్ రేస్ అని, ప్రవాహాలు గుద్దుకుని నీళ్ళు ఎసరులా మరిగే చోటు ఉంది. ఆ చోటుని స్కిప్పర్లే దూరంగా చుట్టి పోతారు. మధ్యాహ్నానికి గుంపులో సగం నీరసపడితే "దిబ్బ దగ్గరికి పోయి నెమ్మదిగా వేద్దాం" అనగలిగే రేవు ఇది. కలగూరగంప గుంపులకు ఈ వెసులుబాటే కావాలి.

వేమత్‌కి మన సంబంధం కూడా ఒకటి ఉంది. బెంగాల్‌కూ అటునుంచి చైనాకూ బయలుదేరిన ఈస్టిండియా కంపెనీ ఓడ 'ఎర్ల్ ఆఫ్ అబర్‌గవెన్నీ' 1805 ఫిబ్రవరి 5న ఈ అఖాతంలోనే మునిగింది. షాంబుల్స్ దిబ్బకే తగిలింది. రెండు వందల యాభై మందికి పైగా పోయారు. కెప్టెన్ జాన్ వర్డ్స్‌వర్త్, కవి వర్డ్స్‌వర్త్‌కి సొంత తమ్ముడు. ఆ ఓడ ఒడ్డు నుంచి మైలున్నర దూరంలో ఇంకా అక్కడే ఉంది.

కొట్టుకుపోతూ వేయాలా, లంగరు వేసి కూర్చోవాలా?

బుక్ చేసేటప్పుడు స్కిప్పర్ అడుగుతాడు, "పొల్లాకా, కాంగరా?" అని. అతను అడిగేది చేప పేరే అయినా, రోజంతా ఎలా గడుస్తుందన్నది దాంట్లోనే తేలిపోతుంది.

పొల్లాక్‌కి పడవను ప్రవాహంలో వదిలేస్తారు. గాలానికి ఇసుక-ఈల్ అనే చిన్న చేప ఆకారపు రబ్బరు ఎర, పొడవాటి దారం, కింద సీసపు గుండు. అడుగు తగలగానే నెమ్మదిగా ఒకే వేగంతో ఇరవై, ముప్పై చుట్లు పైకి చుట్టి మళ్ళీ వదలాలి. చేప వచ్చి ఎర తోక పట్టుకుని లాగినట్టు తడితే ఆపకూడదు, గుంజకూడదు, అదే వేగంతో చుడుతూ ఉండాలి. అప్పుడు ఒక్కసారిగా కర్ర వంగి, చేప రెక్‌లోకి దూకుతుంది. ఆ మొదటి దూకుడు కోసమే ఇంతమంది ఇంత దూరం వెళ్ళేది. అందరికీ ఎప్పుడూ చేతిలో పని ఉంటుంది, కబుర్లకి సందు ఉండదు. ఇబ్బంది ఒకటే. పది మంది కొత్తవాళ్ళు ఒకేసారి వదిలితే దారాలు జడలల్లినట్టు చుట్టుకుంటాయి. స్కిప్పర్ మాట మీద అందరూ ఒకేసారి వదిలి, ఒకేసారి చుడితే చాలావరకు తప్పుతుంది.

కాంగర్ మన మలుగుపాముకి పెద్దన్న. రెక్ కన్నాల్లో ఉంటుంది. బ్రిటిష్ రికార్డు 133 పౌండ్ల 4 ఔన్సులు, 1995లో డెవన్ తీరంలో పడింది, అంటే అరవై కిలోలు. దీనికి పడవను రెక్‌కి ఎగువన లంగరు వేసి, మాకెరల్‌ని చీల్చి ఎరగా వేసి కూర్చోవాలి. కూర్చున్న పడవ పక్కలకు ఊగుతుంది. చేప నూనె వాసన. కడుపు తిప్పేవాడికి ఇంతకంటే నరకం లేదు. కానీ దారాలు చిక్కుపడవు, కబుర్లు బాగా సాగుతాయి. చేప పడ్డాక ఒకడు పోట్లాడుతుంటే ఆరుగురు కామెంటరీ చెప్పవచ్చు. కాంగర్‌ని పడవలోకి ఎక్కించనివ్వకండి. పక్కనే గాలం విప్పి వదిలేస్తారు మంచి స్కిప్పర్లు. అది జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి చచ్చిపోయే జాతి.

తేదీ ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటే పని సులువు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహం వడి ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు చిన్నవి, వాటినే ఇక్కడ నీప్ టైడ్ అంటారు. లంగరు వేసి కాంగర్ పట్టాలంటే అష్టమి వారమే. పొల్లాక్‌కి కొంచెం వడి కావాలి గానీ పున్నమి పోటంత అక్కర్లేదు, గుండు అడుగుకి చేరదు. "ఆ శనివారం నీప్ టైడా?" అని అడగండి. ప్రశ్న వినగానే స్కిప్పర్ మీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

పడవ మొత్తమా, సీట్లా?

బ్రిటన్‌లో లైసెన్సున్న చిన్న చార్టర్ పడవ 12 మందికి మించి ప్రయాణికులని ఎక్కించుకోకూడదు. వేటకి సాధారణంగా ఎనిమిది, పది మంది. మొత్తం పడవ తీసుకుంటే రోజు మీ ఇష్టం, చేప మీ ఇష్టం, వెనక్కి తిప్పడం మీ ఇష్టం. సీట్లు కొంటే తెలియని నలుగురితో కలిసి వెళ్తారు, ఎవరైనా ఎగ్గొట్టినా మీ జేబుకి దెబ్బ లేదు.

ఉదాహరణకి పడవ 800 పౌండ్లు అనుకోండి. ఎనిమిది మందికి తలా వంద. శుక్రవారం రాత్రి ఒకడికి ఆఫీసులో రిలీజు, ఇంకొకడికి అత్తగారు వచ్చారు. ఆరుగురికి తలా 133. ఆ 33 పౌండ్ల గురించి స్నేహితులు నోరు తెరిచి అడగలేరు, లోపల పెట్టుకుంటారు. అందుకే నా పద్ధతి, డబ్బు ముందే తీసుకోవడం. రానివాడి డబ్బు తిరిగి ఇవ్వం, తన బదులు ఎవర్నైనా పంపుకోవచ్చు అని మొదటి రోజే గ్రూపులో రాసేయడం. కొంచెం కటువుగా ఉంటుంది. అయినా ఏడో నెలలో పడే గొడవ కంటే మూడో నెలలో కటువే నయం.

ముగ్గురు, నలుగురైతే సీట్లే కొనండి. పాతకాపులతో కలిసి వెళ్తే నేర్చుకునేదీ ఎక్కువే. ఆరుగురికి పైన ఉంటే మొత్తం పడవ. కొత్తవాళ్ళే ఎక్కువైతే పది సీట్ల పడవలో ఏడుగురే వెళ్ళండి. తలా కొంచెం ఎక్కువ పడినా చిక్కులు విప్పుకుంటూ రోజు గడవదు.

పడవలో ఏం చూడాలి

రెండు పొట్టల కాటమరాన్ వేగంగా పోతుంది, ఆగినప్పుడు పక్కలకు తక్కువ ఊగుతుంది, నిలబడటానికి చోటెక్కువ. ఎదురు అలల్లో మాత్రం దడదడమని కొడుతుంది. ఒకే పొట్ట ఉన్న పాత పడవ మెల్లగా, మెత్తగా పోతుంది, ఆగితే ఊయల. కడుపు బలహీనులున్న గుంపుకి కాటమరానే, అద్దె ఎక్కువైనా.

టాయిలెట్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఎనిమిది గంటలు. కొన్నిటిలో బకెట్టే టాయిలెట్. ఆడవాళ్ళు కూడా వస్తుంటే పడవ ఎంపికలో నేను మొదట అడిగేది ఇదే. తర్వాత లైసెన్సు కేటగిరీ అడగండి. కేటగిరీ 3 పడవ సురక్షిత రేవు నుంచి 20 మైళ్ళ వరకే, కేటగిరీ 2 అయితే 60 మైళ్ళ వరకు పోవచ్చు. కేటగిరీ 3 పడవ మీద నడి ఛానల్ ట్రిప్పు అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. గాలి వల్ల రద్దయితే అడ్వాన్సు ఏమవుతుందో మెసేజ్ రూపంలో తీసుకోండి, ఫోన్లో మాట కాదు.

కర్రలు, రీళ్ళు చాలా పడవల్లో అద్దెకిస్తారు. మొదటి రెండు మూడు ట్రిప్పులకి కొనకండి. రబ్బరు ఎరలు, గుండ్లు మాత్రం సొంతంగా తలా నాలుగైదు ఉంచుకోండి. రెక్ వాటిని మింగుతుంది, అది మామూలే. సముద్రంలో గాలం వేయడానికి ఇంగ్లండ్‌లో రాడ్ లైసెన్సు అక్కర్లేదు. అది నదులకీ చెరువులకీ.

ఏ నెల?

పెద్ద పొల్లాక్ కావాలంటే జనవరి నుంచి మార్చి అంటారు పాతవాళ్ళు. నిజమే. కానీ ఆ నెలల్లో మూడు బుకింగులకు ఒకటి సముద్రం చూస్తే గొప్ప. ఉద్యోగాలున్న ఎనిమిది మంది సెలవులు కుదరాలంటే మే నుంచి సెప్టెంబరు. జూన్ చివర పొద్దు పొడుగు, మాకెరల్ వచ్చి ఉంటుంది, నీళ్ళింకా చల్లగానే ఉంటాయి. సెప్టెంబరు నీళ్ళు వెచ్చగా, చేప బలంగా. స్కూళ్ళు తెరిచాక రేవు దగ్గర గదులు కూడా చవక. నేనైతే సెప్టెంబరు మొదటి అష్టమి వారానికే గురిపెడతాను.

కడుపు సంగతి

ముందురోజు బిర్యానీ వద్దు, మందు వద్దు. పొద్దున్న ఇడ్లీ, అరటిపండు, లేదా పెరుగన్నం. ఖాళీ కడుపు ఇంకా ప్రమాదం. ఇండియాలో మనం అవోమిన్ వేసుకునేవాళ్ళం. ఇక్కడ మందుల షాపులో స్టుజెరాన్ దొరుకుతుంది, పడవ ఎక్కడానికి రెండు గంటల ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది ఎరతోపాటు సముద్రానికే. వేరే మందులు వాడేవాళ్ళు ఫార్మసిస్టుని అడగండి, కొందరికి నిద్ర ముంచుకొస్తుంది, డ్రైవింగ్ వేరేవాళ్ళకి అప్పగించండి. పడవలో మధ్యలో నిలబడండి, డీజిల్ పొగ వైపు వద్దు, క్యాబిన్‌లోకి పోవద్దు, ఫోన్ తీయొద్దు, దూరంగా ఆకాశం కలిసే గీత చూడండి. ఎవరికైనా మొదలైతే నవ్వకండి. ఇది నేను రూల్‌గా పెట్టాను, పావుగంట పాటిస్తారు.

ఇంటికి ఎన్ని?

మన గుంపులు తడబడేది ఇక్కడే. ఫ్రీజర్ నింపుకోవాలన్న ఆశ. పొల్లాక్ నిల్వలు బాగా తగ్గాయని 2024లో పశ్చిమ ఛానల్‌లో వాణిజ్య పడవలకి ఆ చేప కోటా దాదాపు తీసేశారు. ఆ ఏడాది పొరపాటున వలలో పడినదానికే అనుమతి. సరదాగా పట్టేవాళ్ళకి ఎన్ని అనే నియమం ఏటా మారుతోంది. బాస్‌కి రోజువారీ పరిమితీ, 42 సెంటీమీటర్ల కనీస పొడవూ ఉన్నాయి. ఆ ఏడాది లెక్క ఎంతో పడవ ఎక్కేముందు స్కిప్పర్‌నే అడగండి. పట్టింది అమ్మడం నేరం, తెలుగు సంఘం పిక్నిక్‌లో కూడా.

"పట్టి వదిలేద్దాం" అనుకోవడం వినడానికి బాగుంటుంది గానీ, 60 మీటర్ల నుంచి పైకి వచ్చిన పొల్లాక్‌కి లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి ఉంటుంది. వదిలినా నీళ్ళ మీద తేలుతుంది, సముద్రపు కాకులు తీసుకుపోతాయి. కాబట్టి తలా రెండు మూడు పడ్డాక స్కిప్పర్‌తో చెప్పి చోటు మార్చుకోవడం మేలు. దగ్గరి రెక్‌లకు ఇదొక మెరుగు. లోతు తక్కువ కాబట్టి వదిలిన చేప బతికే అవకాశం ఎక్కువ.

వంటకి చెప్పాలంటే పొల్లాక్ ముక్క మెత్తన. చింతపండు పులుసులో గరిటె పెడితే విడిపోతుంది. ఉప్పు రాసి గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, వేపుడుకి అప్పుడు బాగుంటుంది. పులుసుకి లింగ్. మాకెరల్ అదే సాయంత్రం తినాలి. కారులో ఐసుపెట్టె మర్చిపోకండి, మేం ఒకసారి మర్చిపోయి సర్వీసు స్టేషన్‌లో ఐసు కొంటూ వచ్చాం, ఆ వాసన నెల రోజులు పోలేదు.

చివరగా, ముందురోజు సాయంత్రం స్కిప్పర్ ఫోన్ చేస్తాడు. గాలి ఫోర్స్ ఐదు (గాలి బలానికి కొలత) అన్నా, గాలికి ఎదురుగా ప్రవాహం ఉంది అన్నా వాదించకండి. పోయిన ఏడాది మాకు అలాగే అయ్యింది. గదులకి డబ్బు కట్టేశాం కాబట్టి అందరం వేమత్ వెళ్ళాం. పొద్దున్నంతా రేవు గోడ మీద పిల్లలతో కూర్చుని, దారానికి బేకన్ ముక్క కట్టి పీతలు పట్టాం. ఘాట్ రోడ్డు మనిషికి పదకొండు పడ్డాయి. ఆ సాయంత్రమే వచ్చే సెప్టెంబరు ట్రిప్పుకి అడ్వాన్సు కట్టిన మొదటి వాడు అతనే.